రోగి మాట కేసు పేపరులో ఎక్కడ?

(సిరోంచలో జరిగిన సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

భాషా హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇటువంటి సభల్లో మనం బడి గురించి మాట్లాడుకుంటాం. అది మాట్లాడుకోవలసిందే. కాని ఈ రోజు నేను బడి జోలికి పోను. దవాఖానలో పుట్టే ఒక కాగితం గురించి మాట్లాడతాను. మన వైపు దానిని చదువుకున్నవారూ చదువుకోనివారూ కేసు పేపరు అనే అంటారు. రోగి పేరు, వయసు, ఊరు, ఏ బాధతో వచ్చాడు, ఎన్నాళ్ళుగా ఉన్నది, మునుపు ఏ జబ్బులున్నాయి, ఏ పరీక్ష చేశారు, ఏ మందు ఇచ్చారు, ఇవన్నీ అందులో ఉంటాయి. మన శరీరం గురించి ప్రభుత్వం దగ్గర ఉండే సాక్ష్యం అదే. అందులో మనం చెప్పిన మాట ఉన్నదా లేదా అన్నదే నా ప్రశ్న.

మా చిన్నమ్మ సంగతితో మొదలుపెడతాను. చాలా ఏండ్ల కిందటి మాట. ఆమె కాలికి పుండు పడి మానకపోతే దూరపు పట్టణంలోని ఒక దవాఖానకు తీసుకుపోయారు. ఆ దవాఖాన పేరు చెప్పను, ఇక్కడ దానితో పని లేదు. చిన్నమ్మకు మరాఠీ రాదు. వెంట ఉన్నవాడు మా అన్న కొడుకు, అప్పటికి పన్నెండేండ్లవాడు. మరాఠీ బడిలో చదువుతున్నాడు గనుక వాడే దుబాసీ. డాక్టరు మునుపటి జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగాడు. చిన్నమ్మ పిల్లవాడు చెప్పేదాకా ఆగకుండా తానే, "చక్కెర ఉన్నది, మూడేండ్ల సంది" అన్నది. డాక్టరు "చక్కర్?" అన్నాడు. పిల్లవాడు "హో" అన్నాడు. కాగితం మీద ఇంగ్లీషులో పడిన మాట ఏమిటంటే, మూడేండ్లుగా తల తిరుగుతున్నది అని.

మరాఠీలో చక్కర్ అంటే తల తిరగడం. మన చక్కెర ఆ కాగితంలోకి చేరనే లేదు. రక్తంలో చక్కెర పరీక్ష అయిదో రోజున గాని జరగలేదు. అప్పటికి కాలి వేలు ఒకటి నల్లబడింది, తీసివేశారు. మొదటి రోజే పరీక్ష చేసి ఉంటే వేలు దక్కేదని నేను అనలేను. వకీలుగా అంత మాట అనడానికి నా దగ్గర రుజువు లేదు. పుండు అప్పటికే ముదిరి ఉండవచ్చు. ఆ డాక్టరు చెడ్డవాడనీ అనను. ఆ పూట ఆయన ముందు నిలిచిన వరుస ఎంత పొడవున్నదో నేను చూశాను. అయితే అయిదు రోజులు పోయిన మాట నిజం. పుండుతో వచ్చిన ప్రతి రోగికీ చక్కెర పరీక్ష చేయాలన్న నియమం కూడా ఒకటి ఉన్నది. అది ఎందుకు అమలు కాలేదని అడగవచ్చు, అడగాలి కూడా. కాని మా చిన్నమ్మ తన జబ్బు పేరు తానే నోరు తెరచి చెప్పింది కదా. చెప్పిన తరువాత కూడా అది తెలియకుండా పోయింది. మా అన్న కొడుకు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఇంట్లో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే లేచి బయటికి పోతాడు.

ఇది ఒక్క మాట తంటా కాదు. మరాఠీలో పోట్ అంటే కడుపు. మనకు పోటు అంటే పొడిచినట్టు వచ్చే నొప్పి. "ఎదల పోటు" అని మన ముసలాయన చేతితో చూపించకుండా అంటే, వినేవారికి అందులో పోట్ ఒక్కటే వినబడవచ్చు. గుండె నొప్పి కడుపు నొప్పి అయ్యే ప్రమాదం ఉన్నది. మరాఠీలో దుఖ్ణే అంటే నొప్పి పెట్టడం, మనకు దుఃఖం అంటే మనసు బాధ. బిడ్డను పోగొట్టుకొని దుఃఖంగా ఉన్నదని చెప్పే తల్లికి నొప్పి మాత్ర రాసి పంపడం సాధ్యమే. అన్నీ ఇలాగే ఉన్నాయని కాదు. మన దమ్ము, వారి దమ్ ఒకటే. ఆయాసం అని ఇద్దరికీ అర్థమవుతుంది. ఇరుగు పొరుగు భాషలు కలిసేచోట మేలు కూడా జరుగుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఏ మాట కలుస్తుందో ఏ మాట మోసం చేస్తుందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఇద్దరూ అర్థమయిందనే అనుకుంటారు.

నొప్పికి మనకున్న మాటలు చూడండి. పోటు, సలుపు, మంట, తీపు, గుంజుడు, జివ్వుమనడం, సూదులతో పొడిచినట్టుండడం. ఇవి కవిత్వం కోసం పుట్టలేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క రకం బాధ. నొప్పి ఏ తీరుగా ఉన్నదో వేరు చేసి రాయమని వైద్య విద్యలో విద్యార్థికి మొదటి ఏండ్లలోనే నేర్పుతారు. ప్రధాన బాధను రోగి స్వంత మాటల్లోనే రాయాలి, డాక్టరు తన మాటల్లోకి మార్చి రాయరాదు అని కూడా నేర్పుతారు. కాబట్టి మనం ఈ రోజు అడగబోయేది వైద్యశాస్త్రానికి కొత్త సంగతి కాదు. అది తన పాఠ్యపుస్తకంలో రాసుకున్న మాటనే మనం గుర్తు చేస్తున్నాం.

వైద్యులకు ప్రభుత్వాలూ, పరిశోధన సంస్థలూ మార్గదర్శకాలు తయారు చేస్తాయి. ఈ జబ్బు వస్తే ఈ ప్రశ్న అడగండి, ఈ పరీక్ష చేయండి, ఈ మందు ఇంత మోతాదులో ఇవ్వండి అని. అవి మంచివి. డాక్టరు ఎవరైనా, ఊరు ఏదైనా, వైద్యం ఒక్క తీరుగా జరగాలన్నది వాటి ఉద్దేశం. అయితే వాటిని చదివినప్పుడు నాకు ఒక సంగతి తోచింది. ప్రతి మార్గదర్శకం వెనుకా రాయని షరతు ఒకటి ఉన్నది: అడిగేవారికీ చెప్పేవారికీ మాట కలుస్తుందని.

పాము కాటునే తీసుకుందాం. వరి పొలం, పత్తి చేను, నేల మీద పడక ఉన్న మనకు ఇది పుస్తకాల సంగతి కాదు. పాము కాటు చికిత్సకు 2009లో జాతీయ విధానం వచ్చింది. 2024లో కేంద్ర ప్రభుత్వం పాము కాటు మరణాలు తగ్గించడానికి జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా ప్రకటించింది. రోగి నుంచి కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదలకుండా ఉంచి గడ్డకట్టిందా లేదా చూడమని ఆ విధానం చెబుతుంది. రక్తపింజర కాటును ఆ పరీక్ష పట్టిస్తుంది. కట్లపాము కాటును పట్టించదు. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరుస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపులో నొప్పి మొదలవుతుంది, తరువాత కంటి రెప్పలు వాలుతాయి, మింగుడు పడదు, ఆ మీదట ఊపిరి కండరాలు పడిపోతాయి. అక్కడ డాక్టరుకు ఆధారం రెండే: తాను చూసే కళ్ళు, రోగి చెప్పే మాట. "రెప్పలు పడిపోతున్నయి, లేపుదామంటే లేస్తలేవు" అని రోగి అంటాడు. పక్కనున్న పిల్లవాడు దానిని మరాఠీలో "ఝోప్ యేతే", అంటే నిద్ర వస్తున్నది అని మారిస్తే ఏమవుతుంది? రాత్రంతా నిద్ర లేని మనిషికి నిద్ర రావడంలో వింత ఏమున్నది? "కట్లపాము" అంటే మరాఠీ డాక్టరుకు తెలియదు, ఆయనకు తెలిసిన పేరు మణ్యార్. రక్తపింజర ఆయనకు ఘోణస్. విరుగుడు మందు నాలుగు ప్రధాన విషసర్పాలకూ ఒకటే గనుక పాము పేరు తెలియకున్నా చికిత్స చేయవచ్చు, లక్షణాలను బట్టే చేయాలి. మరి ఆ లక్షణాలు చెప్పడానికైనా మాట కావాలి కదా.

మలేరియా మన జిల్లాను వదలని జబ్బు. వైవాక్స్ రకం మలేరియాకు మూడు రోజులు క్లోరోక్విన్, దానితోపాటు 14 రోజులు ప్రైమాక్విన్ ఇవ్వాలని జాతీయ విధానం. మూడో నాటికి జ్వరం దిగుతుంది. దిగిన తరువాత ఇంకా పదకొండు రోజులు మాత్ర ఎందుకు మింగాలి? జ్వరం పోయినా కాలేయంలో ఆ క్రిమి నిద్రాణంగా మిగిలి ఉంటుంది, దానిని చంపకపోతే వారాలకో నెలలకో మళ్ళీ లేస్తుంది అని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఖాళీ కడుపున వేసుకోవద్దు అని చెప్పాలి. మూత్రం ముదురు రంగుగా వస్తే మాత్ర ఆపి వెంటనే రమ్మని చెప్పాలి. గర్భిణికి ఇవ్వరాదు గనుక ఆ సంగతి ముందే అడగాలి. ఇన్ని మాటలు అర్థం కాని భాషలో చెబితే రోగి తల ఊపుతాడు. తల ఊపితే "వివరించడమైనది" అని కాగితంలో పడుతుంది. నాలుగో రోజున మాత్రలు గూట్లో చేరతాయి. రెండు నెలలకు జ్వరం తిరగబెడితే, చెప్పినట్టు మందు వాడలేదని రోగినే నిందిస్తారు.

మార్గదర్శకం మాట కలిసిన చోట నుంచి పుడితే ఎలా ఉంటుందో చూడటానికి మనం ఎక్కడికో పోనక్కరలేదు. మన గడ్చిరోలి జిల్లాలోనే జరిగింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980ల నడుమ ఇక్కడికి వచ్చి 'సెర్చ్' సంస్థను నెలకొల్పారు. పుట్టిన నెల లోపల పసికందులు ఎందుకు చనిపోతున్నారో తెలుసుకోవడానికి 39 పల్లెలలో ఊరి ఆడవారికే శిక్షణ ఇచ్చారు. వారేమీ పెద్ద చదువులు చదివినవారు కారు. ఇంటింటికీ పోయి బిడ్డను చూసి, తల్లిని అడిగి, తమ భాషలో కాగితం మీద రాశారు. బిడ్డ రక్తంలోకి చీము చేరే ప్రాణాంతక జబ్బును గుర్తించడానికి వారికి ఇచ్చిన లక్షణాలు ఎలాంటివో చూడండి. మునుపు బాగా ఏడ్చిన బిడ్డ ఏడుపు సన్నగిల్లిందా? మునుపు బాగా పాలు పీల్చిన బిడ్డ పీల్చడం తగ్గించిందా, మానిందా? మందకొడిగా పడి ఉన్నదా? ఇవి ప్రయోగశాల మాటలు కావు. పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి చెప్పగలిగే మాటలు. ఆ మాటలనే నిర్ధారణకు ఆధారం చేశారు. ఆ పల్లెలలో నెల లోపు శిశు మరణాలు పోలిక కోసం ఎంచుకున్న పల్లెలకంటే 62 శాతం తగ్గాయని 1999 డిసెంబరులో 'లాన్సెట్' వైద్య పత్రిక ప్రచురించింది. 2011లో భారత ప్రభుత్వం ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ మార్గదర్శకాలను విడుదల చేసింది. ఈ రోజు ఆశా కార్యకర్త మన ఇళ్ళకు 3వ, 7వ, 14వ, 21వ, 28వ, 42వ రోజున వస్తున్నదంటే దాని మూలం ఈ జిల్లా పల్లెలలో ఉన్నది.

మరి ఆ జిల్లాలోనే సిరోంచ ఉన్నది. జిల్లా కేంద్రానికి సుమారు 200 కిలోమీటర్లు. తల్లి మాటకు అంత విలువ ఇచ్చిన విధానం పుట్టిన జిల్లాలో తెలుగు తల్లి మాట కాగితం ఎక్కకపోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. 1973లో హేమల్‌కసాకు వచ్చిన డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే మాడియా భాష నేర్చుకొని వైద్యం చేశారు. ఆయనకూ డాక్టర్ మందాకినీ ఆమ్టేకూ 2008లో మెగసెసె పురస్కారం వచ్చింది. వారికి చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే రెండేండ్ల కోసం బదిలీ మీద వచ్చే యువ డాక్టరును నువ్వు కూడా అంతటివాడివి కమ్మని అడగడం న్యాయం కాదు. మహానుభావులు ఉన్నచోట మాత్రమే దొరికేదానిని హక్కు అనలేం.

ఇప్పుడు వకీలుగా మాట్లాడతాను. కేసు పేపరు దవాఖానలోనే ఆగదు. అది కోర్టుకు వస్తుంది. "బండి తగిలి పడ్డ" అన్న మాటకూ "బండి మీది నుంచి పడ్డ" అన్న మాటకూ తెలుగులో తేడా చిన్నది. మొదటి మాట రాస్తే ఎదుటి బండి బీమా కంపెనీ పరిహారం కట్టవలసి రావచ్చు. రెండో మాట రాస్తే తన బండి మీది నుంచి తానే పడ్డాడని దావా కొట్టేయమంటారు. దెబ్బలతో వచ్చిన ఆడబిడ్డ "కొట్టిండు" అన్నదా, "కొట్టుకున్నది" అన్నదా అన్నదాని మీద ఒక నేర విచారణ నిలుస్తుంది లేదా కూలుతుంది. కోర్టులో మేము సాక్షిని ఎంత ప్రశ్నించినా, జడ్జిగారు ముందుగా చూసేది ఆ రాత్రి దవాఖానలో రాసిన రెండు వరుసలనే.

ఇక్కడ చట్టం ఒక చోట ఎంత శ్రద్ధ చూపిందో చెబుతాను. మరణ వాంగ్మూలం గురించి. 1957లో ఖుషాల్‌రావు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది నాగపూరులో జరిగిన హత్య కేసు. మెజిస్ట్రేటు మరణ వాంగ్మూలాన్ని ప్రశ్న, జవాబు రూపంలో, వీలైనంతవరకు చెప్పినవారి స్వంత మాటలలోనే రాస్తే దానికి విలువ ఎక్కువ అని ఆ తీర్పు. చనిపోయేవారి మాటను వారి మాటలోనే రాయమని న్యాయస్థానం 1957లోనే చెప్పింది. బతకడానికి వచ్చినవారి మాటకు ఆ మర్యాద ఎందుకు ఉండకూడదు?

సంతకం సంగతి ఇంకొకటి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు రోగి అంగీకారం నిజమైనదై ఉండాలన్నది. దేనికి ఒప్పుకుంటున్నానో తెలిసేటంత సమాచారం రోగికి ఇచ్చిన తరువాతనే ఆ అంగీకారానికి విలువ అని చెప్పింది. అర్థం కాని భాషలో అచ్చయిన కాగితం మీద వేలిముద్ర వేయిస్తే అది ఏ రకపు అంగీకారం? 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. జబ్బు గురించి, చికిత్స గురించి రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యే స్థాయిలో వివరించాలని అందులో ఉన్నది. కొత్త మందులను మనుషుల మీద పరీక్షించడానికి 2019లో వచ్చిన నియమాలు కూడా, అంగీకార పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని చెబుతున్నాయి.

తెలుగు ఉంటే చాలు, అంతా సరిపోతుందని మాత్రం అనుకోకండి. భద్రాచలం గుర్తు తెచ్చుకుందాం. 1860లో నిజాం చేతి నుంచి ఆంగ్లేయుల చేతికి పోయిన తరువాత 1874 దాకా భద్రాచలమూ మన సిరోంచా ఒకే ఎగువ గోదావరి జిల్లాలో ఉండేవి, దాని కేంద్రం మన సిరోంచే. సరిహద్దులు మారి భద్రాచలం తెలుగు రాష్ట్రంలోకి పోయింది. అక్కడ, అప్పటి ఖమ్మం జిల్లాలో, 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసే టీకాను పరిశీలన పథకం కింద బాలికలకు వేశారు. 2010 ఏప్రిల్‌లో పథకాన్ని నిలిపివేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ కాగితాల లెక్క బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాలలో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 మీద వసతి గృహాల వార్డెన్లు సంతకం చేశారు. ఆ టీకా చెడ్డదని నేను అనడం లేదు. అక్కడ జరిగిన మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. నా మాట కాగితం గురించే. తెలుగు అధికారభాషగా ఉన్న రాష్ట్రంలో కూడా తల్లిదండ్రులను అడగకుండానే వారి అంగీకారం కాగితం ఎక్కింది. భాష అక్కడ ఉన్నది, అడగడమే లేదు.

భాష కలిసినంత మాత్రాన తిప్పలు తీరవని నది దాటేవారికి తెలుసు. వంతెనలు వచ్చాక మనవారు మంచిర్యాలకో వరంగల్లుకో పోతున్నారు. అక్కడ డాక్టరు తెలుగులో అడుగుతాడు, ప్రాణం లేచి వస్తుంది. కాని 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అక్కడి కార్డున్నవారిది. మన మహాత్మా జ్యోతిబా ఫులే పథకం ఇక్కడిది. రాష్ట్రం దాటినా చెల్లేలా రూపొందించిన ఆయుష్మాన్ భారత్ కార్డు 2018 నుంచి ఉన్నా, కాగితాలు ఒకదానితో ఒకటి కలవాలి. ఒక చోట ఇంటిపేరు ముందు, ఒక చోట వెనుక. ఒక చోట దేవనాగరిలో, ఒక చోట ఇంగ్లీషులో, అక్షరం అక్షరానికి తేడా. ఒకే మనిషి నాలుగు కాగితాలలో నలుగురుగా కనబడిన కేసులు నా బల్ల మీద ఉన్నాయి. దీని గురించి ఇంకోసారి వివరంగా మాట్లాడుకుందాం.

మనకు చట్టంలో ఉన్న బలమెంత? ఉన్నదానిని ఎక్కువ చేసి చెప్పను. 1964 చట్టం ప్రకారం మహారాష్ట్ర అధికారభాష మరాఠీ. దానితో మనకు పేచీ లేదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ కష్టం గురించి ఏ అధికారికైనా దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. అంటే దవాఖాన అధికారికి మీరు తెలుగులో అర్జీ ఇస్తే, మరాఠీలో తెమ్మని తిప్పి పంపే అధికారం ఆయనకు లేదు. 1956లో కేంద్ర ప్రభుత్వం భాషా అల్పసంఖ్యాకుల రక్షణల గురించి ఒక పత్రం ప్రకటించింది. జిల్లా కాకున్నా, తహసీలు వంటి చిన్న ప్రాంతంలోనైనా ఒక భాషవారు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు, నియమాలు ఆ భాషలో కూడా ప్రచురించడం మేలని అందులో ఉన్నది. సిరోంచ తాలూకాలో మనం 15 శాతమా? ఈ సభలో నవ్వులు వినబడుతున్నాయి, జవాబు నేను చెప్పనక్కరలేదు. అయితే ఆ పత్రం ప్రభుత్వం ఇచ్చిన మాట మాత్రమే. కోర్టులో నిలబెట్టి అమలు చేయించుకునే చట్టం కాదు. అందుకే దానిని మళ్ళీ మళ్ళీ గుర్తు చేయవలసిన పని మన మీద పడింది.

"డాక్టర్లే లేరు, మందులే లేవు, మధ్యలో మీ తెలుగేమిటి" అని కొందరు మిత్రులు అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఒక ఎంపిక చేసుకోమంటే నేను కూడా ముందు డాక్టరునే కోరతాను. కాని మాట కలవకపోతే ఉన్న డాక్టరు కూడా సగమే ఉన్నట్టు. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక 18 ఏండ్ల యువకుడిని స్పృహ లేకుండా దవాఖానకు తెచ్చారు. కుటుంబం స్పానిష్‌లో "ఇన్టాక్సికాడో" అన్నది. క్యూబా స్పానిష్‌లో అది ఏదో తిన్నది పడలేదని చెప్పే మాట. డాక్టర్లు దానిని మత్తుమందు ఎక్కువైందని అర్థం చేసుకున్నారు. నిజానికి అతనికి మెదడులో రక్తస్రావం అవుతున్నది. ఆ సంగతి తెలిసేసరికి రెండు రోజులు దాటాయి, కాళ్ళూ చేతులూ పడిపోయాయి. పరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లకు చేరింది. అక్కడ డాక్టర్లకూ మందులకూ పరికరాలకూ కొదువ లేదు. ప్రభుత్వ సహాయం పొందే దవాఖానలు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలన్నది ఇప్పుడు అక్కడి నియమం. అత్యవసరంలో తప్ప పిల్లలను దుబాసీలుగా వాడరాదని 2016 నియమాలు చెప్పాయి. మన ఊళ్ళ నుంచి పోయి అక్కడ కొడుకుల దగ్గర ఉంటున్న తల్లిదండ్రులకు కూడా ఆ సౌకర్యం వర్తిస్తుంది. అమెరికాలో తెలుగు అవ్వకు దొరికేది సిరోంచలో తెలుగు అవ్వకు దొరకడం లేదు.

అందుకని మనం అడిగేది పెద్దదేమీ కాదు. కేసు పేపరును తెలుగులోకి మార్చమని నేను అడగను. డాక్టర్లు ఒకరి రాత ఒకరు చదవాలి, ఇంగ్లీషులో ఉంటే ఉండనివ్వండి. రోగి ప్రధాన బాధ రాసే చోట మాత్రం అతడు పలికిన తెలుగు మాట కూడా, దేవనాగరి లిపిలో అయినా సరే, పక్కన రాయాలి. మా చిన్నమ్మ కాగితంలో "చక్కెర" అని ఒక్క మాట ఉండి ఉంటే, తరువాత పూట వచ్చిన తెలుగు తెలిసిన సిస్టర్ ఎవరో ఒకరు పట్టుకునేవారు. దవాఖానలో పనిచేసే తెలుగు సిస్టర్లు, వార్డు సిబ్బంది ఇప్పుడు దయతో చేస్తున్న దుబాసీ పనికి గుర్తింపు, శిక్షణ, వేతనం ఇవ్వాలి. అంగీకార పత్రమూ ఇంటికి పోయేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కార్డులోని జాగ్రత్తలూ తెలుగులో కూడా ఉండాలి. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. మన ముసలివారిలో చాలామందికి చదువు లేదు, మన పిల్లలకు తెలుగు లిపి రాదు. ఉత్త తెలుగు కాగితం ఇస్తే ఇంట్లో చదివేవారు ఎవరు? కనుక చెప్పినదానిని రోగి చేత తిరిగి చెప్పించుకొని, సరిగా చెప్పిన తరువాతనే "వివరించడమైనది" అని రాయాలి. పిల్లలకు మన అక్షరాలు నేర్పే పని ప్రభుత్వం మీద నెట్టి మనం కూర్చోలేం.

మాడియా, గోండు అన్నదమ్ముల సంగతి కూడా. దవాఖానలో మనం మరాఠీ ముందు ఎలా నిలబడతామో, వారు ఒక్కొక్కసారి మన తెలుగు ముందు అలాగే నిలబడతారు. మన అర్జీలో వారి భాష లేకపోతే నేను సంతకం చేయను.

ఇక ఇంటికి పోయి చేయవలసిన పని. ఇన్‌పేషెంటుగా ఉన్నవారి రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి మూడేండ్లు దాచి ఉంచాలనీ, అడిగితే 72 గంటలలో ప్రతులు ఇవ్వాలనీ వైద్య మండలి 2002 నియమాలు చెబుతున్నాయి. కేసు కాగితాల ప్రతులు పొందే హక్కు రోగికీ బంధువులకూ ఉన్నదని బొంబాయి హైకోర్టు 1996లోనే చెప్పింది. అడగండి. రాతపూర్వకంగా అడిగి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. అన్ని కాగితాలనూ ఒకే సంచీలో, తేదీల వరుసలో పెట్టండి. దవాఖానకు పోయే ముందు రోగి బాధను రోగి మాటలోనే ఒక చీటీ మీద రాసి వెంట తీసుకుపోండి. ఉన్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు అందులో ఉండాలి. చక్కెర ఉంటే చక్కెర అని రాసి, పక్కన మరాఠీలో మధుమేహ్ అని రాయండి. రాయడం రానివారు రాత్రి బడి పిల్లలతో రాయించుకోండి. పిల్లలు రాస్తే తప్పు లేదు, డాక్టరు ముందు నిలబడి అమ్మ ప్రాణానికి జవాబుదారీ కావడమే వారి పని కాదు.

దవాఖాన అధికారికీ జిల్లా కలెక్టరుకూ ఇవ్వవలసిన అర్జీ తయారుగా ఉన్నది. తెలుగులో ఒకటి, ఆలస్యం కాకుండా మరాఠీ అనువాదం ఒకటి. తెలుగు ప్రతి మీదనే సంతకాలు. గుమ్మం పక్క బల్ల మీద పెట్టాము. వేలిముద్ర వేసేవారికి ముందు మొత్తం చదివి వినిపించమని అక్కడ కూర్చున్న అమ్మాయికి చెప్పాను. వినకుండా వేయకండి.